వ్యర్థం కాదండీ, ఆవిరి

మొన్న మా పెదనాన్న భూస్థాపనలో వాక్యం చెప్పిన పాస్టరు అయ్యగారి మీద నాకింకా కోపం తగ్గలేదు. పెదనాన్న 40 ఏళ్లు కుట్టుమిషన్ తొక్కి ముగ్గురు ఆడపిల్లల పెళ్లిళ్లు చేసిన మనిషి. ఆయన పెట్టె పక్కన నిలబడి "వ్యర్థము వ్యర్థము సమస్తము వ్యర్థమే" అంటూ బైబిల్లోని ప్రసంగి గ్రంథం ఎత్తుకుని, కట్టిన ఇల్లు వ్యర్థం, కూడబెట్టింది వ్యర్థం అని అరగంట వాయించారు. పెద్దమ్మ నా చెవిలో "అంటే మీ పెదనాన్న బతుకంతా దండగేనంటాడా ఏంట్రా?" అంది.

కాదు పెద్దమ్మా. అక్కడ హీబ్రూలో ఉన్న మాట "హెవెల్". అసలు అర్థం ఊపిరి, ఆవిరి. క్రిస్మస్ ముందు తెల్లారగట్ల కేరల్స్‌కి తిరుగుతుంటే మన నోట్లోంచి పొగ వస్తుందే, అదీ హెవెల్. కళ్లముందే ఉంటుంది, పట్టుకోబోతే ఉండదు. దాన్ని దండగ అని ఎవరంటారు? మనిషి బతికున్నాడనడానికి అదే గుర్తాయె!

ప్రసంగి ఒక్కదాంట్లోనే ఈ మాట 38 సార్లు వస్తుంది. గ్రీకులోకి మార్చినవాళ్లు దీన్ని "నిష్ఫలం" అనే అర్థంలో పెట్టారు. 4వ శతాబ్దంలో జెరోము అనే అనువాదకుడు లాటిన్‌లో "వానిటాస్" అన్నాడు, 1611 నాటి ఇంగ్లీషు బైబిలు "వానిటీ" అంది. మధ్యలో 2వ శతాబ్దపు అక్విలా అనే అనువాదకుడు మాత్రం, మక్కీకి మక్కీ దించే అలవాటున్నవాడు, "ఆవిరి" అనే రాశాడు. ఆ మాట నిలబడలేదు.

మన తెలుగు అనువాదకులకు ఇది తెలియదనుకోకండి, అదే నా బాధ. కీర్తన 144:4లో ఇదే హెవెల్‌ని "నరులు వట్టి ఊపిరిని పోలియున్నారు" అని ఎంత చక్కగా రాశారు! ప్రసంగి 11:10లో లేతవయస్సు "గతించిపోవునవి" అన్నచోట కూడా హీబ్రూలో ఉన్నది హెవెలే. అక్కడ తట్టింది మొదటి అధ్యాయంలో ఏమైంది?

ఇంకోటి. హేబెలు పేరు కూడా ఇదే మాట. ఆదాము కొడుకు, కయీను తమ్ముడు, బైబిల్లో మొట్టమొదట చనిపోయినవాడు. ఏ తల్లయినా కొడుకుని "వ్యర్థం" అని పిలుచుకుంటుందా? "ఊపిరి" అనుకుని ఆ కథ మళ్లీ చదవండి, గుండె పట్టేస్తుంది. పిల్లాడు కాసేపు ఉండి వెళ్లిపోయాడు, అంతే.

సరే, యిర్మీయా ప్రవక్త విగ్రహాలని హెవెల్ అన్నప్పుడు అది తిట్టే. అక్కడ "వ్యర్థం" సరిగ్గా సరిపోతుంది, కాదనను. కానీ ప్రసంగి దాని పక్కనే "గాలికై ప్రయాసపడినట్టు" అంటున్నాడు కదా. గాలి పనికిమాలిందని ఎవరూ అనరు, చేతికి చిక్కదంతే. పైగా అదే ప్రసంగి తిను, తాగు, నీ కష్టంలో సంతోషించు అని పదేపదే చెప్తాడు. బతుకు దండగ అనుకునేవాడు అలా చెప్తాడా?

పోయినవాళ్ల ఇంటివాళ్లని ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడికకి మళ్లీ ఆ అయ్యగారే వస్తున్నారట. వాక్యం నేను చదువుతానని అన్నయ్యకి ముందే చెప్పి పెట్టాను. ప్రసంగి 9:9, "నీవు ప్రేమించు నీ భార్యతో సుఖించుము." అందులోనూ హెవెల్ రెండుసార్లుంది. రెండుచోట్లా ఊపిరి అనే చదువుతాను. పెద్దమ్మ ముందు వరసలోనే కూర్చుంటుంది.