పెద్దమ్మ డైటీషియన్‌కు ఎందుకు అబద్ధం చెప్పింది?

షుగర్ చూపించడానికి మా పెద్దమ్మను హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. ట్రైనింగ్‌లో ఉన్న డైటీషియన్ అమ్మాయి మర్యాదగానే అడిగింది, "పొద్దున టిఫిన్ ఏం తింటారమ్మా?" అని. పెద్దమ్మ తడుముకోకుండా "ఇడ్లీ" అంది. బయటికొచ్చాక అడిగితే, "సద్ది తింటనంటే ఆ పిల్ల ఏమనుకుంటదో బిడ్డా" అంది. చార్టులో ఇడ్లీ బదులు ఓట్స్ రాసిచ్చారు. ఆమె తినని ఇడ్లీని మాన్పించారు. రోజూ తినే సద్దన్నం ఆ కాగితం మీదికే రాలేదు.

ఆ అమ్మాయిని తప్పుపట్టను. ఆమెకు నేర్పిన చదువులోనే ఆ లోటుంది. ఏ పదార్థంలో ఎంత పోషకం ఉందో చెప్పే పట్టికలకు మనకు కొదవ లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 పదార్థాల విలువలు ప్రచురించింది. కానీ పేషెంట్ నిజం చెప్పకపోతే ఏ లెక్కా నిలవదు.

"నీచు తింటారా?" అని అడుగుతుంటాం. నీచంటే చేపల వాసనే కావచ్చు, చెవికి మాత్రం నీచం అన్నట్టే తగులుతుంది. కేంద్ర ప్రభుత్వం జరిపే ఎస్ఆర్ఎస్ (శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్) 2014 సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటినవారిలో 98 శాతానికి పైగా మాంసాహారులు. అయినా పెద్దకూర తినేవాళ్లు చికెన్ అని చెబుతారు, కల్లు తాగేవాళ్లు అలవాటు లేదంటారు.

1998లో అమెరికా వైద్యులు మెలనీ టెర్వలోన్, జాన్ మరే-గార్సియా 'కల్చరల్ హ్యుమిలిటీ' గురించి రాశారు. ఎదుటివారి సంస్కృతి నాకు తెలిసిపోయింది అనుకోకుండా, నా అభిప్రాయాలను, నా చేతిలోని అధికారాన్ని జీవితాంతం ప్రశ్నించుకోవాలన్నది దాని సారం. మన డైటీషియన్ క్లాసుల్లో చెప్పే 'ముస్లింలు ఇవి తింటారు, గిరిజనులు అవి తింటారు' అనే పాఠం దీనికి సరిగ్గా ఎదురు. ఇన్సులిన్ తీసుకుంటూ రోజా (రంజాన్ ఉపవాసం) ఉండాలనుకునే మనిషికి 'వద్దు' అని ఒక్క మాటలో చెప్పి పంపితే, ఆయన రోజా ఆపకపోవచ్చు, మన దగ్గరికి రావడం ఆపేస్తాడు. తెల్లవారకముందు సహర్‌లో, పొద్దుగూకాక ఇఫ్తార్‌లో ఏం తింటాడో అడిగి, డోసు గురించి డాక్టరుతో మాట్లాడాలి. ప్రమాదముంటే ఆ మాట కూడా అప్పుడే వింటాడు.

అందుకే విద్యార్థులు ముందు తమ ఇంట్లో ఏది తినకూడదంటారో, ఎందుకంటారో రాయాలి. ఇంటర్న్‌షిప్‌లో కొన్నాళ్లు బస్తీల్లో వంట దగ్గర కూర్చోవాలి. చార్టుకే కాదు, అడిగిన తీరుకూ మార్కులు వేయాలి. 'టిఫిన్ ఏంటి?' అనకుండా, 'పొద్దున లేచాక మొదట నోట్లో ఏం వేసుకుంటారు?' అంటే చాలు, సద్ది బయటికొస్తుంది.

ఇంటికెళ్లాక పెద్దమ్మ తన సద్ది గిన్నె చూపించింది. ఇద్దరికి సరిపోయే గిన్నె. అన్నం సగం చేసి, పక్కన గుడ్డు పెట్టుకోమంటే ఒప్పుకుంది. ఓట్స్ ప్యాకెట్ అల్మారాలో అట్లాగే ఉంది.