చిన్నవాళ్ల సొమ్ముతో పెద్దవాళ్ల వ్యాపారం

పారిశ్రామికాభివృద్ధి అనగానే మన చర్చంతా పెట్టుబడుల ఒప్పందాలు, భూముల కేటాయింపులు, రాయితీల చుట్టూనే తిరుగుతుంది. పెద్ద కంపెనీ వస్తోందంటే ప్రభుత్వాలకు పండగే. ఆ కంపెనీకి విడిభాగాలు, అట్టపెట్టెలు, కేబుళ్లు, యూనిఫాంలు అందించే చిన్న యూనిట్లకు డబ్బు ఎన్ని రోజులకు చేతికొస్తోందని మాత్రం అడిగేవారు తక్కువ. దేశ స్థూల ఉత్పత్తిలో దాదాపు 30 శాతం, ఎగుమతుల్లో సుమారు 45 శాతం సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల (ఎంఎస్ఎంఈల)దేనని కేంద్రమే చెబుతోంది. వ్యవసాయం తర్వాత ఎక్కువమందికి పని చూపిస్తున్నదీ ఈ రంగమే. ఇన్ని కుటుంబాలు ఆధారపడిన రంగం, తాను కష్టపడి సంపాదించుకున్న సొమ్ము సకాలంలో అందక నలిగిపోతోంది. ఏ రాయితీ ఇచ్చినా ఈ నష్టం పూడదు.

ఒక బిల్లు ఎలా నడుస్తుందో చూస్తే విషయం అర్థమవుతుంది. బాలానగర్‌లోనో, జీడిమెట్లలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో నాలుగు లేత్ మిషన్లు, పది పన్నెండు మంది పనివాళ్లు ఉన్న యూనిట్ అనుకుందాం. పెద్ద కంపెనీ నుంచి పర్చేజ్ ఆర్డర్ వస్తుంది. ఇలాంటి చిన్న యూనిట్‌కు స్టీలు అరువు దొరకడం కష్టం, ముందే డబ్బు కట్టాలి. సరుకు తయారై, డెలివరీ చలానాతో కంపెనీ గేటు దాటుతుంది. గేటు దగ్గర స్టాంపు పడుతుంది. అక్కడి నుంచి స్టోర్స్‌కు, ఆ తర్వాత క్వాలిటీ విభాగానికి వెళ్తుంది. వాళ్లు ఓకే అన్నాక జీఆర్ఎన్ (సరుకు అందినట్టు కంపెనీ రాసుకునే పత్రం) తయారవ్వాలి. అప్పుడు బిల్లు అకౌంట్స్‌కు చేరి, బుక్ అయి, పాస్ అయి, పేమెంట్ల జాబితాలో చోటు సంపాదించాలి. ప్రతి బల్ల దగ్గరా కొన్ని రోజులు కరిగిపోతాయి. ఫోన్ చేస్తే ‘సిస్టమ్‌లో ఇంకా ఎక్కలేదండీ’ అంటారు. ఇంకోసారి చేస్తే ‘సంతకం పెట్టాల్సిన సార్ టూర్‌లో ఉన్నారు’ అంటారు. మూడోసారి ‘వచ్చే పేమెంట్ సైకిల్‌లో పెడతాం’ అంటారు. ఈలోగా ఆ విడిభాగం యంత్రంలో బిగుసుకుని, ఆ యంత్రం అమ్ముడుపోయి, కంపెనీ ఖాతాలో డబ్బు పడిపోయి ఉంటుంది కూడా.

సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లించాల్సిన సొమ్మును 45 రోజులకు మించి ఆపకూడదని 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి (ఎంఎస్ఎంఈడీ) చట్టం స్పష్టంగా చెప్పింది. రాతపూర్వక ఒప్పందం లేకపోతే గడువు ఇంకా తక్కువ, 15 రోజులే. ఆర్డర్ కాగితం వెనక చిన్న అక్షరాల్లో ‘చెల్లింపు 90 రోజులకు’ అని అచ్చేసుకున్నా చట్టం ముందు ఆ మాట నిలవదు. ఇక గడువు లెక్కను జీఆర్ఎన్ తేదీ నుంచో, బిల్లు బుక్ చేసిన తేదీ నుంచో మొదలుపెట్టే అలవాటు ఒకటుంది. దానికీ చట్టంలో ఆధారం లేదు. సరుకు అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే అంగీకరించినట్టు. గేటు దగ్గర స్టాంపు పడిన తేదీకి ఉన్న విలువ ఇది. ఈ సంగతి చిన్న యజమానుల్లో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు కూడా కస్టమర్ ముందు నోరెత్తలేరు.

ఇప్పుడు అదే యజమాని తాను కట్టాల్సిన వాటి సంగతి చూడండి. పనివాళ్ల జీతాలు 7వ తేదీలోగా ఇవ్వాలి. పీఎఫ్, ఈఎస్ఐ 15లోగా జమ చేయాలి. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లు జీఎస్టీ 20లోగా కట్టాలి. తప్పితే ఏడాదికి 18 శాతం వడ్డీ, దాని మీద ఆలస్య రుసుము. బ్యాంకు వాయిదా 90 రోజులు దాటితే ఖాతా మొండిబాకీల జాబితాలోకి వెళ్తుంది, సిబిల్ స్కోరు పడిపోతుంది, మళ్లీ అప్పు పుట్టదు. పెద్ద కంపెనీ 120 రోజులకు డబ్బిస్తే దాన్ని ‘కాస్త ఆలస్యం’ అంటారు. ఆ ఆలస్యం వల్లే చిన్న యూనిట్ 90 రోజులు దాటిస్తే ‘డిఫాల్టర్’ అంటారు. మేము ప్రధానంగా ఎత్తిచూపుతున్న అన్యాయం ఇదే. చిన్నవాడు కట్టాల్సిన బాకీకి తేదీ ఉంది, తప్పితే శిక్ష దానంతటదే పడుతుంది. చిన్నవాడికి రావాల్సిన బాకీకి తేదీ ఉన్నా, శిక్ష పడాలంటే అతనే వెళ్లి పోరాడాలి.

జీఎస్టీలో ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పది లక్షల రూపాయల బిల్లు మీద 18 శాతం చొప్పున లక్షా 80 వేల పన్ను. ముడిసరుకు మీద కట్టింది మినహాయించుకోగా మిగిలింది ఆ యజమాని మరుసటి నెలలోనే కట్టేయాలి, బిల్లు డబ్బు వచ్చినా రాకపోయినా. కొన్న కంపెనీ మాత్రం ఆ లక్షా 80 వేలకూ ఇన్‌పుట్ క్రెడిట్ (తాను కట్టాల్సిన పన్నులో మినహాయింపు) తీసేసుకోవచ్చు. అమ్మినవాడికి 180 రోజుల్లోగా డబ్బివ్వకపోతేనే ఆ క్రెడిట్ వెనక్కివ్వాలి. ఒక చట్టం 45 రోజులంటుంటే మరో చట్టం ఆరు నెలల దాకా చూసీచూడనట్టు ఊరుకుంటోంది.

చేతిలో డబ్బు లేనప్పుడు ఆ ఖాళీని పూడ్చేది బయటి అప్పు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినా, పది లక్షల మీద నెలకు 20 వేలు. నాలుగు నెలలకు 80 వేలు. అంటే ఆ బిల్లు మీద నూటికి ఎనిమిది రూపాయల లాభం వేసుకున్నా మొత్తం ఊడ్చుకుపోయినట్టే. అప్పు పుట్టకపోతే ఇంట్లో బంగారం తాకట్టు పెట్టాలి. అదీ చాలకపోతే పనివాళ్ల జీతం రెండు వాయిదాల్లో ఇవ్వాలి. పెద్ద కంపెనీ ఫైనాన్స్ విభాగం వర్కింగ్ క్యాపిటల్‌ను (రోజువారీ ఖర్చుల పెట్టుబడిని) చక్కగా నిర్వహించిందని బోర్డు మీటింగ్‌లో మెప్పు పొందిన చోట, నిజంగా ఆ క్యాపిటల్ సమకూర్చింది పది మంది పనిచేసే షెడ్డు, ఆ పది ఇళ్లు. కొత్త మిషన్ కొనాలన్న ఆలోచన వాయిదా పడుతుంది. ఐటీఐ చదివిన కుర్రాడిని అప్రెంటిస్‌గా తీసుకోవాలన్న ఆలోచన కూడా. యువతకు ఉద్యోగాలు రావడం లేదని బాధపడే మనం, ఉద్యోగం పుట్టాల్సిన చోట డబ్బు ఎందుకు ఆగిపోతోందో చూడాలి కదా.

చట్టాలు లేక ఈ పరిస్థితి రాలేదు. ఆలస్యపు చెల్లింపుల మీద వడ్డీ చట్టం 1993లోనే వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2006 చట్టం ఇంకా గట్టిది. గడువు దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. వివాదం వస్తే రాష్ట్రాల్లోని ఫెసిలిటేషన్ కౌన్సిళ్లు 90 రోజుల్లో తేల్చాలి. తీర్పును కోర్టులో సవాలు చేయాలంటే కొనుగోలుదారు ముందుగా 75 శాతం సొమ్ము డిపాజిట్ చేయాలి. ఫిర్యాదుల కోసం 2017లో సమాధాన్ పోర్టల్ కూడా పెట్టారు.

ఇన్ని ఉన్నా ఫలితం ఎందుకు అంతంతమాత్రం? ఎందుకంటే ఇదంతా ఫిర్యాదుతోనే మొదలవుతుంది. తన అమ్మకాల్లో సగానికి పైగా ఒకే కంపెనీ మీద ఆధారపడ్డ యజమాని ఆ కంపెనీ మీద కేసు పెట్టగలడా? పెట్టిన మర్నాడు ఆర్డర్లు ఆగిపోతే అడిగేవాళ్లుండరు. అందుకే కౌన్సిల్ గడప తొక్కేవాళ్లలో ఎక్కువమంది ఆ కస్టమర్‌ను ఎలాగూ పోగొట్టుకున్నవాళ్లే. వ్యాపారం నడుస్తున్నంతకాలం ఓర్చుకుంటారు, తెగిపోయాక ఫిర్యాదు చేస్తారు. కాబట్టి పోర్టల్‌లో కనిపించే బకాయిలను బట్టి సమస్య ఇంతేనని అంచనా వేస్తే పొరపాటు. భయంతో నోరు విప్పని వాళ్ల లెక్క అందులోకి రాదు.

ఫిర్యాదుతో పనిలేకుండా ఒత్తిడి తెచ్చే ప్రయత్నం ఒకటి జరిగింది. 2023 ఫైనాన్స్ చట్టం ద్వారా ఆదాయపన్ను చట్టంలో 43బి(హెచ్) అనే నిబంధన చేర్చారు. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా డబ్బివ్వకపోతే, ఇచ్చిన ఏడాదిలోనే ఆ ఖర్చుకు మినహాయింపు. ఆలోచన మంచిదే. కానీ ఏడాది పొడవునా బాకీ పెట్టి మార్చి 31లోగా తీర్చేస్తే ఈ నిబంధన తాకదు. నష్టాల్లో ఉండి పన్నే కట్టని కంపెనీకి దీని భయం లేదు. పైగా కొందరు కొనుగోలుదారులు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గరున్న నమోదు) వదులుకోవాలని చిన్న సంస్థల మీదే ఒత్తిడి తెచ్చారన్న ఫిర్యాదులు వచ్చాయి. మంచి ఉద్దేశంతో తెచ్చిన నిబంధన కూడా, బలమంతా ఒకవైపే ఉన్న బేరంలో ఎలా తిరగబడుతుందో ఇది చూపించింది.

చిన్న సంస్థల బిల్లులకు ఆన్‌లైన్‌లో వేలం జరిపే ట్రెడ్స్ వేదికలదీ ఇలాంటి కథే. చిన్న సంస్థ తన బిల్లును వేలంలో పెడితే బ్యాంకులు పోటీపడి కొద్దిపాటి తగ్గింపుతో వెంటనే డబ్బిస్తాయి. ఆ తర్వాత గడువు నాటికి కొన్న కంపెనీ బ్యాంకుకు కట్టుకుంటుంది. చాలా మేలైన ఏర్పాటు. 250 కోట్ల రూపాయల టర్నోవర్ దాటిన కంపెనీలన్నీ ఇందులో నమోదు కావాలని కేంద్రం 2024 నవంబర్‌లో ఆదేశించింది. అయితే నమోదైతే సరిపోదు. ఆ కంపెనీ ‘ఈ బిల్లు సరైనదే’ అని ఆమోదిస్తేనే వేలం కదులుతుంది. ఆమోదించడానికి మళ్లీ అదే స్టోర్స్, అదే క్వాలిటీ, అదే అకౌంట్స్.

బాకీ పెట్టే ప్రతి కంపెనీ దురుద్దేశంతోనే పెడుతోందని మేము అనడం లేదు. వాళ్లకూ పైనుంచి డబ్బు రాని సందర్భాలుంటాయి. ఆ గొలుసు పట్టుకుని పైకి వెళ్తే చాలాసార్లు కనిపించేది ప్రభుత్వమే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వం మారినప్పుడల్లా పెండింగ్ బిల్లుల చిట్టా బయటికొస్తుంది, గత పాలకుల మీద నిందలు పడతాయి, బిల్లులు మాత్రం అలాగే ఉంటాయి. అప్పులు తెచ్చి ఊళ్లో పనులు చేయించి, పదవీకాలం ముగిసినా డబ్బు రాక కార్యాలయాల చుట్టూ తిరిగిన సర్పంచులను తెలంగాణ చూసింది. చిన్న కాంట్రాక్టర్లు బిల్లుల కోసం రోడ్డెక్కడం కూడా చూశాం. తన బాకీ తీర్చని ప్రభుత్వం ప్రైవేటు కంపెనీకి క్రమశిక్షణ నేర్పలేదు. కాబట్టి మొదటి అడుగు ఖజానా నుంచే పడాలి. ఏ బిల్లు ఏ తేదీన వచ్చింది, వరసలో ఎన్నోది, ఎప్పుడు చెల్లిస్తారు అన్నది ఆన్‌లైన్‌లో అందరికీ కనబడాలి. పలుకుబడి ఉన్నవాడి బిల్లు వరస దాటి ముందుకెళ్తే అది కూడా కనబడాలి.

ఇక వడ్డీ దానంతటదే పడే ఏర్పాటు కావాలి. 2023 ఆగస్టు నుంచి 5 కోట్ల రూపాయల టర్నోవర్ దాటిన సంస్థలు, కొన్ని మినహాయింపులు తప్ప, ఇతర సంస్థలకు అమ్మిన సరుకుకు ఈ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే బిల్లు) తీస్తున్నాయి. ఎవరు ఎవరికి ఏ తేదీన ఎంత అమ్మారో ప్రభుత్వ కంప్యూటర్లలో ఉంది. అమ్మిన సంస్థ చిన్నదో కాదో ఉద్యమ్ నంబరు చెబుతుంది. పన్ను ఎగవేతను పట్టుకోవడానికి ఈ వివరాలను జల్లెడ పట్టగలిగినప్పుడు, 46వ రోజున చెల్లింపు జరగలేదని గుర్తించి కొన్న కంపెనీకి వడ్డీ నోటీసు పంపడం సాధ్యం కాదా? చెల్లింపు తేదీని కూడా అందులో నమోదు చేయిస్తే చాలు. చిన్న యజమాని ఎవరి మీదా వేలెత్తి చూపాల్సిన పని ఉండదు. అంతదాకా పరిశ్రమల సంఘాలు తమ సభ్యుల పేర్లు బయటపెట్టకుండా ఫిర్యాదు చేసే వీలైనా కల్పించాలి. కొనుగోలుదారు బకాయి పెట్టినట్టు రికార్డుల్లో రుజువైన చోట, ఆ మేరకు చిన్న యూనిట్ ఖాతాను మొండిబాకీగా ముద్ర వేయకుండా బ్యాంకులు ఆగాలి.

కంపెనీల లెక్కల పుస్తకాల్లో ఉన్న ఒక చిన్న గడి గురించి కూడా చెప్పాలి. సరఫరాదారులకు ఉన్న బకాయిలు ఎంతకాలంగా ఉన్నాయో బ్యాలెన్స్ షీట్‌లో చూపాలని 2021లో కంపెనీ వ్యవహారాల శాఖ నిబంధన తెచ్చింది. ఎంఎస్ఎంఈల బకాయిలకు విడిగా వరస ఉంది. కానీ అందులో మొదటి గడి ‘ఏడాది లోపు’. గడువు దాటి రెండు రోజులైన బాకీ, 11 నెలలైన బాకీ ఒకే గడిలో కూర్చుంటాయి. షేర్‌హోల్డరు గానీ, అప్పిచ్చే బ్యాంకు గానీ, కొత్తగా సరుకు ఇవ్వబోయే చిన్న యజమాని గానీ ఆ కాగితం చూసి తేడా చెప్పలేరు. బ్రిటన్‌లో 2017 నుంచి పెద్ద కంపెనీలు తాము సగటున ఎన్ని రోజులకు చెల్లిస్తున్నాయో ఏడాదికి రెండుసార్లు బహిరంగంగా ప్రకటించాలి. మన దగ్గరా 45 రోజులు దాటిన బాకీల వివరాలను కంపెనీలు ఆరు నెలలకోసారి ప్రభుత్వానికి సమర్పిస్తూనే ఉన్నాయి. వాటిని కంపెనీ పేరుతో, రోజుల లెక్కతో ఒకేచోట ప్రజల ముందు పెట్టాలి. బ్యాలెన్స్ షీట్‌లోని ‘ఏడాది లోపు’ గడిని 45, 90, 180 రోజులుగా విడగొట్టాలి. దానికి పార్లమెంటు దాకా వెళ్లనక్కర్లేదు. 2021 మార్పు ఒక నోటిఫికేషన్‌తో వచ్చింది, ఇదీ అలాగే రావచ్చు. వచ్చే ఆర్థిక సంవత్సరం లెక్కల నుంచే దీన్ని అమలు చేయాలని కేంద్రాన్ని కోరుతున్నాం.