‘శాంపిల్స్ పెంచు, ఆకాశం మార్చు’: ఎలివేషన్లపై తిరుగుతున్న ఒక సలహాకు ఖండన

“రేపు ఉదయమే క్లయింటుకు చూపాలా? మోడల్‌ను ముట్టుకోకండి. శాంపిల్స్ నాలుగింతలు చేయండి, ఫోర్‌కేలో తీయండి, మంచి హెచ్‌డీఆర్‌ఐ ఆకాశం వేయండి, కెమెరాను పైకెత్తండి, చెట్లూ కార్లూ నింపండి, మిగిలింది ఏఐకి వదిలేయండి.” ఇచ్ఛాపురం నుంచి ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ దాకా త్రీడీ ఎలివేషన్లు, అంటే కట్టబోయే ఇంటి ముందుభాగపు కంప్యూటర్ బొమ్మలు, తయారు చేసే తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో ఈ సలహా తెగ తిరుగుతోంది. బరంపురంలో ఇదే పనితో బతుకుతున్న నాకు ఒకే వారంలో నలుగురు పంపారు. పంపినవారి ఉద్దేశం మంచిదే గాని, ఈ సలహా ఉన్న ఒక్క రాత్రినీ కంప్యూటర్‌కు అప్పగించి, మనిషి కూర్చుని తేల్చవలసిన వాటిని గాలికి వదిలేస్తోంది. అందుకే ఒక్కొక్క మాటకూ జవాబు రాస్తున్నాను.

మొదట శాంపిల్స్ సంగతి, అంటే ఒక్కో పిక్సెల్ కోసం కంప్యూటర్ వెలుగును ఎన్నిసార్లు లెక్కకట్టాలన్న సంఖ్య. త్రీడీ మోడల్ నుంచి బొమ్మను తీసే (రెండర్ చేసే) సైకిల్స్, వీ-రే వంటి ఇంజన్లలో బొమ్మ మీద కనిపించే ఇసుకలాంటి గరుకుదనం శాంపిల్స్ సంఖ్యకు వర్గమూలం లెక్కన మాత్రమే తగ్గుతుంది. అంటే శాంపిల్స్ నాలుగింతలు చేస్తే గరుకు సగమవుతుంది, సమయం మాత్రం నాలుగింతలవుతుంది. దీనికి ఫోర్‌కే తోడైతే 1920×1080 బొమ్మలోని 20 లక్షల పైచిలుకు పిక్సెళ్లు 3840×2160లో 83 లక్షలకు చేరతాయి. అది మరో నాలుగింతలు. గంటలో పూర్తయ్యే బొమ్మకు రెండు సలహాలూ కలిపి పాటిస్తే పదహారు గంటలు కావాలి. రాత్రి పదింటికి మొదలుపెట్టినవాడికి మర్నాడు మధ్యాహ్నం రెండింటికి గాని బొమ్మ చేతికి రాదు, అదీ మధ్యలో కరెంటు పోకుండా ఉంటేనే. వైశాఖంలో మా ఊళ్లో సాయంత్రం గాలివాన వచ్చిన రోజున అలాంటి నమ్మకం పెట్టుకోలేము. మామూలు శాంపిల్స్‌తో తీసి డీనాయిజర్ (గరుకును నునుపు చేసే సాధనం) వాడితే గోడల మీది గరుకు చాలావరకు పోతుంది. ఆకుల దగ్గరా జాలీల దగ్గరా అది కొంచెం అలికేసినట్లు కనిపిస్తే, ఆ భాగాన్ని మాత్రమే రీజియన్ రెండర్‌గా మళ్లీ తీసి అతికించుకోవచ్చు. ఇక క్లయింటు ఆ బొమ్మను చూసేది తన ఫోన్‌లో, మహా అయితే ఏ3 కాగితం మీద. ఏ3కి అంగుళానికి 150 చుక్కల చొప్పున లెక్కవేసినా 2480×1754 సరిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసేది ఆకాశం గురించిన సలహా. హెచ్‌డీఆర్‌ఐ అనేది ఎక్కడో, ఎప్పుడో, ఎవరో తీసిన ఫోటో, దాన్నే బొమ్మకు ఆకాశంగానూ వెలుగుగానూ వాడుకుంటాము. దాన్ని గుండ్రంగా తిప్పితే సూర్యుడి దిక్కు మారుతుంది గాని ఎత్తు మారదు, ఫోటో తీసిన వేళకు ఎంత ఎత్తులో ఉన్నాడో అంతే ఉంటాడు. ఐరోపాలో శీతకాలపు సాయంత్రం తీసిన ఆకాశాన్ని బరంపురం ఇంటి మీద కప్పితే, ఈ ఊరి నడి పగటిలో ఎన్నడూ పడనంత పొడుగు నీడలు పడతాయి. పైగా స్కెచప్ అనే మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో స్థలం మార్చకుండా నీడలు వేసుకునేవారు ఇంకొక పొరపాటు చేస్తున్నారు, ఎందుకంటే ఆ సాఫ్ట్‌వేర్ మామూలుగా అమెరికాలోని బౌల్డర్ నగరాన్ని తన ఊరుగా అనుకుంటుంది. అది 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, బరంపురం 19.3 డిగ్రీల మీద ఉంది.

ఇలాంటి పొరపాటు వల్ల ఏమవుతుందో నాకు ఒక పట్టు చీరల వర్తకుడి దగ్గర తెలిసివచ్చింది. ఆయనది ఉత్తర ముఖం ఇల్లు, గృహప్రవేశం మాఘంలో అనుకున్నారు. వ్యవధి లేక నేను కూడా ఇదే పద్ధతిలో ఒక బంగారు రంగు ఆకాశం వేసి, ఎండ సూటిగా ముఖద్వారం మీద పడేటట్లు తిప్పి తీసుకుపోయాను. ఆయన కాసేపు చూసి, “బాబూ, చలికాలం ఎండ కోసం మా అమ్మ మేడ మీదికి ఎక్కుతుంది, నీ బొమ్మలో వీధరుగు మీదే కాస్తున్నాదే!” అన్నారు. ఆయన మాట అక్షరాలా నిజం. సెప్టెంబరు 23 నుంచి మార్చి 21 దాకా సూర్యుడు పగలంతా దక్షిణం వైపే నడుస్తాడు, ఉత్తరపు గోడకు ఆ ఆరు నెలలూ నేరుగా ఎండ తగలదు. డిసెంబరు 21 మధ్యాహ్నం బరంపురంలో సూర్యుడు దక్షిణాన దాదాపు 47 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, రెండడుగుల సన్‌షేడ్ నీడ దక్షిణపు గోడ మీద రెండడుగుల రెండంగుళాల మేర దిగుతుంది. జూన్ 21 మధ్యాహ్నం నడినెత్తికి నాలుగు డిగ్రీలు ఉత్తరంగా జరుగుతాడు కాబట్టి దక్షిణపు గోడకు ఆ వేళ ఎండే ఉండదు.

కాబట్టి సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్న సూర్యుడికి మన అక్షాంశం, తేదీ, వేళ ఇవ్వడం మేలు, దానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. ఉత్తర ముఖం ఇంటికి జూన్ ఉదయం ఏడున్నర వేళను ఎంచుకుంటే, సూర్యుడు ఈశాన్యం వైపు వాలి, 30 డిగ్రీలకు కాస్త తక్కువ ఎత్తు నుంచి గోడను రాసుకుంటూ పోయే ఎండనిస్తాడు. బాల్కనీ అంచులూ గూళ్లూ కిటికీల లోతూ ఆ ఏటవాలు ఎండలో తేటగా తెలుస్తాయి. ఎండ లేని రుతువునే చూపవలసి వస్తే నీడలోని గోడను నీడలోనే ఉంచి, మబ్బు వెలుగులో తీసి, వరండాలో దీపాలు వెలిగించడం నిజాయితీ. నా తర్వాతి బొమ్మలో అదే చేశాను, వర్తకుడు దాన్ని ఒప్పుకున్నారు.

మోడల్‌ను ముట్టుకోవద్దన్న మాట నాకు అర్థం కాలేదు. బొమ్మ అట్టపెట్టెలా కనబడడానికి కారణం చాలాసార్లు మోడల్‌లోనే ఉంటుంది. కిటికీ ఫ్రేమును గోడ ముఖానికి సమంగా అతికించి ఉంటారు, దాన్ని మూడు నాలుగు అంగుళాలు లోపలికి నెడితే నీడ దానంతటదే పుడుతుంది. గోడ మూలలు కత్తి అంచుల్లా ఉంటాయి, వాటికి నాలుగైదు మిల్లీమీటర్ల బెవెల్ ఇస్తే, అంటే అంచును కాస్త చెక్కితే, వెలుగు గీత పడుతుంది. తెల్ల రంగుకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు అంకెలూ 255 పెట్టేస్తారు, నిజమైన సున్నం గోడ కూడా పడిన వెలుగంతా తిరిగి ఇవ్వదు కాబట్టి 230 దగ్గర ఆపితే గోడ మీది నీడల తేడాలు బతుకుతాయి. ఇవన్నీ కలిపినా ఒక గంట పని. ఈ గంటకు ముందు అన్ని వస్తువులకూ ఒకే బూడిద రంగు వేసి, చిన్న సైజులో నాలుగైదు పరీక్ష బొమ్మలు తీసుకుంటే ఎండ ఎటు రావాలో కెమెరా ఎక్కడ ఉండాలో అప్పుడే తేలిపోతుంది. బూడిద రంగులో బాగులేని బొమ్మకు రంగులు వేసి ప్రయోజనం లేదు.

కెమెరాను పైకెత్తమనడం పొలాల మధ్య కట్టే ఫంక్షన్ హాలుకైతే సరేనేమో. ఇరవై అడుగుల వీధిలో కట్టే ఇంటిని దాని యజమాని డ్రోన్‌లో కూర్చుని చూడడు. కెమెరాను మనిషి కంటి ఎత్తులో, అంటే ఐదడుగుల పైన, నిలువు గీతలు వాలకుండా పెట్టాలి. వీధి ఇరుకై ఇల్లు పట్టకపోతే వైడ్ లెన్సుతో సాగదీయకుండా, కెమెరాను ఎదురింటి గోడ వెనక్కి జరిపి, అడ్డొచ్చే గోడను క్లిప్పింగ్‌తో (కెమెరాకు మరీ దగ్గరున్నదాన్ని కనబడకుండా చేసే సదుపాయం) మాయం చేయవచ్చు. ఈ మోసం ఎవరికీ నష్టం చేయదు.

చెట్ల మాటకొస్తే, నింపడం తప్పుకాదు, ఏవి నింపుతున్నామో చూసుకోవాలి. మా సముద్రతీరపు గోపాలపురం దారిలో కట్టే ఇంటి పక్కన మేపుల్ చెట్టు నిలబెడితే చూసినవారు నవ్వుతారు. సరుగుడు, కొబ్బరి, మొగలి పొద ఇక్కడ పెరిగేవి. ఇంటి ముందు ఖరీదైన కారు బదులు స్కూటర్ ఉంటే గేటు వెడల్పు కూడా తెలుస్తుంది.

చివరిది ఏఐ. గడ్డినీ ఆకులనూ సహజంగా చేయడానికి, అదీ ఆ భాగానికే పరిమితం చేసి వాడుకుంటే నాకు అభ్యంతరం లేదు. బొమ్మ మొత్తాన్ని దానికి ఇచ్చినప్పుడు అది గ్రిల్ డిజైన్ మారుస్తుంది, పిట్టగోడ ఎత్తు మారుస్తుంది, ఒక్కోసారి కిటికీకి మూడు రెక్కలు ఉంటే నాలుగు చేస్తుంది. మా దగ్గర చాలా చోట్ల మేస్త్రి ఆ బొమ్మ ప్రింటునే చేతపట్టుకుని ఎలివేషన్ పని చేయిస్తాడు. ప్లానులో లేని నాలుగో రెక్కను గురించి అతడు ఫోన్ చేసేసరికి గోడకు కన్నం పడిపోయి ఉంటుంది.

ఆ సందేశం అడుగున ఇంకొక వాక్యం ఉంది: “రెండర్ పెట్టే ముందు ఫైలుకు వేరే పేరుతో నకలు తీసుకోండి.” దాన్ని నేను ఖండించడం లేదు, నకలును పెన్‌డ్రైవ్‌లో కూడా పెట్టుకోమని మాత్రం కలుపుతాను.