మహారాజశ్రీ వాల్యుయేషన్ రిపోర్టు గారికి

మహారాజశ్రీ వాల్యుయేషన్ రిపోర్టు గారి దివ్యసముఖమునకు, ఇళ్లకూ స్థలాలకూ విలువ కట్టి, తమ చివరి పేజీలో సంతకం పెట్టి పొట్ట పోసుకుంటున్న వాల్యుయరు నమస్కరించి రాసుకొను విన్నపం.

తమరి జన్మవృత్తాంతం గురించి లోకం అనుకునేది ఒకటి, నాకు తెలిసినది మరొకటి. స్థలం చూసి, కొలతలు వేసి, దస్తావేజులు తిరగేసి, చుట్టుపక్కల అమ్మకాలతో పోల్చిన మీదట తమరి కడుపున ఒక అంకె పుడుతుందని జనం నమ్ముతారు. వాస్తవానికి తమరికన్నా ఆ అంకే వయసులో పెద్దది. బేరం కుదిరిన రోజునే బ్రోకరు గారు దానికి నామకరణం చేయగా, అప్పిచ్చే సంస్థ దాన్ని దరఖాస్తులో రాసుకోగా, ఆనక నాకు కబురు వస్తుంది: ‘‘ఎంత వస్తుందో చూడండి’’ అని కాదు, ‘‘ఇంత రావాలి, చూసుకోండి’’ అని. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

తమరి పాండిత్యాన్ని నేను శంకించడం లేదు. విలువ కట్టడానికి పోలిక అమ్మకాలు, నిర్మాణ వ్యయం, ఆదాయం అని మూడు దారులున్నాయి. మూడూ ఒకే చోటికి చేరవు గనుక, చేరవలసిన చోటు ముందే తెలిసినవాడికి దారి ఎంచుకోవడం సులువు. తక్కువకు అమ్ముడైన పక్క ఇంటిని ‘అవసరానికి అమ్ముకున్నది’ అని తోసేసి, ఎక్కడో ఎక్కువ పలికిన ఇంటిని ఇరుగుపొరుగుగా చేర్చుకోవచ్చు. ఆదాయ పద్ధతి ఇంకా ముచ్చటైనది. ఖర్చులు పోను ఏడాదికి 60,000 మిగిలే భవనానికి 6 శాతం క్యాపిటలైజేషన్ రేటు (ఏటి ఆదాయం విలువలో ఎన్నో వంతని మేము అనుకునే శాతం) వేస్తే విలువ 10 లక్షలు, 5 శాతం వేస్తే 12 లక్షలు, 4 శాతం వేస్తే 15 లక్షలు. ఒక్క ఇటుకా కదలలేదు, అద్దె పైసా పెరగలేదు. కదిలినదల్లా నా పెన్సిలే.

ఈ ముచ్చటలో నష్టపోయేవారు ఎదుట కనిపించరు. అమ్మకం పూర్తయితేనే బ్రోకరుకు కమీషను, అదీ ధరలో శాతం కాబట్టి, కొనేవాడి తరఫున వచ్చిన బ్రోకరుకు కూడా ధర తగ్గించమని అడగడానికి నోరు రాదు. రుణాధికారిని కొలిచేది ఎన్ని అప్పులిచ్చాడన్న లెక్కతో. ఆస్తి విలువలో ఇంత శాతానికి, ఉదాహరణకు 80కి, మించి అప్పు ఇవ్వరాదన్న నియమం మాత్రం గోడకు వేలాడుతూనే ఉంటుంది. నిజంగా 85 లక్షలు చేసే ఇంటికి నేను 100 లక్షలు అని రాస్తే, ఇచ్చిన 80 లక్షలు అసలు విలువలో 94 శాతం అవుతుంది. అయినా ఎవరూ గీత దాటలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, డిపాజిటు చేసినవారి సొమ్ముతో మేము ఉదారులమవుతున్నాం.

కాదనవచ్చు కదా అంటారేమో. కాదన్నవాడిని ఎవరూ తిట్టరు. అప్పిచ్చే సంస్థ పని ఇచ్చే వాల్యుయర్ల ప్యానెల్ జాబితాలో పేరు ఉంటుంది గానీ ఫోన్ మోగదు, అంతే. 2000 నుంచి 2007 మధ్య అమెరికాలో సుమారు 11,000 మంది వాల్యుయర్లు, రుణసంస్థలు అంకెలు పెంచమని ఒత్తిడి చేస్తున్నాయనీ, నిజాయితీపరులకు పని ఇవ్వడం లేదనీ ప్రభుత్వానికి వినతిపత్రం పెట్టుకున్నారు. 2008లో ఇళ్ల అప్పులు కూలి పెద్ద పెద్ద సంస్థలు మట్టికరిచాక, ఆ వినతిని ఆ సంక్షోభంపై ప్రభుత్వం వేసిన విచారణ సంఘం తన నివేదికలో భద్రంగా నమోదు చేసింది. 2010లో అక్కడ ఒత్తిడిని నిషేధిస్తూ చట్టమూ వచ్చింది. ఇప్పుడెవరూ ఒత్తిడి చేయరు. ‘‘ఈ నాలుగు అమ్మకాలు తమ దృష్టికి రాలేదేమో, దయచేసి పునఃపరిశీలించండి’’ అని మర్యాదగా రాస్తారు.

తమరి జాగ్రత్తను కూడా మెచ్చుకోవాలి. మొదటి పేజీలో విలువ బంతిపువ్వంత అక్షరాల్లో ఉంటుంది. పునాది తవ్వి చూడలేదనీ, హక్కుపత్రాల బాధ్యత మాది కాదనీ, దీన్ని నమ్మి మూడో మనిషి ఏ నిర్ణయమూ తీసుకోరాదనీ చివరి పేజీల్లో ఆవగింజంత అక్షరాల్లో ఉంటుంది.

ఒక్కటే కోరిక. ఏ ఆస్తికైనా నిజాయితీగా చెప్పగలిగినది ‘ఇంత నుంచి ఇంత వరకు’ అని మాత్రమే. తమరి నమూనాలో మాత్రం ఒక్క అంకె పట్టే గడే ఉంది. ఆ ఒక్క గడిని రెండు గడులు చేయించగలరా?

జవాబు కోసం ఎదురుచూస్తూ ఉండగానే ఫోన్ వచ్చింది. రేపు చూడవలసిన ఆస్తి విలువ చెప్పారు. చిరునామా సాయంత్రం పంపుతారట.

ఇట్లు,
తమ విధేయుడు