తోలు గారికి ఒక మనవి

మహారాజశ్రీ తోలు గారికి,

అనంతపురం నుంచి నమస్కరించి వ్రాయునది. మేమిక్కడ క్షేమం. మీ క్షేమం గురించే బెంగగా ఉంది. టవర్ క్లాక్ కాడ టీ తాగడానికి పోతే చాలు, ఎవడో ఒకడు ఫోన్లో "రేయ్, నీ తోలు తీస్తా" అని అవతలోడికి మాటిస్తా ఉంటాడు. తీసినోడు మాత్రం ఇంతవరకూ కనపడలేదు.

మేకదంటే వేరే లెక్క. మటన్ కొట్టాయన కాలి దగ్గర గాటు పెట్టి, తోలుకీ కండకీ నడుమ పిడికిలి దూర్చి తోసుకుంటా పోతాడు. ఆ సందున ఉండేది వదులు పొర, కత్తితో పెద్ద పని పడదు. మనిషి దగ్గర మీరు ఒక్కో చోట ఒక్కో తీరు. మోచేతి మీద పట్టి లాగితే సాగుతారు. అరచేతిలో గిల్లుదామంటే పట్టే చిక్కదు. అక్కడ మీ అడుగు నుంచి లోపలి నారపొర దాకా పోగులు దించి, నడుమ కొవ్వు కూరి, బొంత కుట్టినట్టు బిగించినారు. పార పట్టినప్పుడు చేతి తోలు జారకుండా నిలిచేది ఆ కుట్ల మీదే.

పైగా మీలో మీకే రెండంతస్తులు. పైదాంట్లో ఒక్క రక్తనాళం లేదు. కిందిదంతా కొల్లాజెన్ అనే గట్టి ప్రొటీను నార. కింది మిట్టలు పై గుంటల్లోకి దిగబడి ఒకదాన్నొకటి వదలవు. ఆ రెంటినీ విడదీసే పనితనం నిమ్మలకుంట తోలుబొమ్మల వాళ్లది (2022 దాకా ఆ ఊరు మా జిల్లాదే, ఇప్పుడు సత్యసాయి జిల్లా పాలు). మేకతోలు నానబెట్టి, బొచ్చూ పై పొరా గీకేసి, వెలుతురు అవతలికి పారేదాకా పల్చన చేస్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చినారు. ఫోన్లో తోలు తీసేవాళ్లకి ఏ బిరుదూ వచ్చినట్టు లేదు.

మందం పంచడంలోనే మాకు పేచీ. కనురెప్ప మీద పై పొర 0.05 మిల్లీమీటర్లు, అరికాల్లో 1.5. వీపున కింది పొర మహా దిట్టం. "వీపు విమానం మోత" గురించి ముందే కబురందినట్టుంది. అంతా బాగానే ఉంది. మరి అయిదేళ్లకోసారి చెరువుకు నీళ్లు తెస్తామని వచ్చే మొహాలకి అరికాలి సరుకు వేసిందెవరు? ఈగ వాలితే ఒళ్లంతా తోలు అదిరించే కండ ఎద్దుకిచ్చినారు. మాకు ముఖ్యంగా మొహాన, మెడన మిగిల్చినారు. అందుకే వాళ్లేం చెప్పినా మొహం చిట్లించి ఊరుకుంటాం.

ఇక అసలు పని. మా వీధి అవ్వ చిన్నప్పటి నుంచి కూలికి పోయి బుడ్డలు (వేరుశనక్కాయలు) పీకి, ఒలిచి, బొటనవేలు నున్నగా అరిగిపోయింది. పింఛను మిషను ఆమెను గుర్తుపట్టనంటుంది. ఆమె వేలు చీర కొంగుకి తుడిచి, నోట తడిపి, మళ్లీ పెట్టి, మిషను వైపు కాక మనిషి వైపు చూస్తుంది. గీతల అచ్చు మీ కింది పొరలో ఉంటుందనీ, పై పొర కొత్తది ఎదిగి రావడానికి ఓ నెల పడుతుందనీ చెబుతారు. ఈ నెల ఆమెను పనికి పోనీకుండా ఇంట్లో కూర్చోబెట్టినాం. కూలి పోయినా సరే. ఒకటో తేదీ లోపల గీతలు పంపించేది.

ఇట్లు,
మీలో కాపురముంటున్న అనంతపురం మనిషి