మెయిన్ జెట్ గారికి, పొదలకూరు రోడ్డు షెడ్డు నుంచి

మహారాజశ్రీ మెయిన్ జెట్ గారి సముఖానికి, నెల్లూరులో పానాలు పట్టుకు బతికే ఓ మెకానిక్ నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ చాంబర్‌లో మునిగి చల్లగా ఉన్నారని తలుస్తాను.

ఇంజనుకి పెట్రోలు కొలిచి పోసే గోరంత ఇత్తడి ముక్క మీరు. మధ్యలో సూది దూరేంత బెజ్జం, నెత్తిన ఆ బెజ్జం సైజు చెప్పే నంబరు, అంతే. ఊళ్లో మీకున్న పలుకుబడి మాత్రం ఎమ్మెల్యేకి కూడా లేదు. బండి స్టార్టు కాకపోయినా మీరే, పికప్ లేకపోయినా మీరే, మైలేజీ పడిపోయినా మీరే. 1996లోనే తయారీ ఆగిపోయిన యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు ఎక్కడో సంపాదించుకొస్తారు మా కుర్రోళ్లు. "అన్నా, రెండు నంబర్లు పెద్ద జెట్ ఎయ్యి, కావలి దాకా ఎగరాల" అంటారు. వేయించుకుని పోతారు. మళ్లీ ఆ బండినే తోసుకుంటా వస్తారు. "జెట్ మార్చినాక సిగ్నల్ కాడ ఆగిపోతా ఉందన్నా!"

సిగ్నల్ కాడ మీకేం పనండీ? అప్పటికి మీరు డ్యూటీ ఎక్కనే ఎక్కరు! యాక్సిలరేటర్ పావు వంతు తిప్పేదాకా సంసారం ఈదేది మీ పక్కన నోరు లేకుండా పడుండే చిన్న బెజ్జం స్లో జెట్, దానికి తోడు గాలి సర్దే ఎయిర్ స్క్రూ. అక్కడి నుంచి ముప్పావు దాకా, యాక్సిలరేటర్‌తో పాటు పైకి లేచే సన్నటి సూది, నీడిల్, చూసుకుంటుంది. తమరు పెత్తనానికి వచ్చేది ఆపైనే. ట్రంకు రోడ్డు రద్దీలో ముప్పావు తిప్పే మొనగాడెవరు? హైవే ఎక్కితే కాసేపు పని, పేరు మాత్రం ఇరవై నాలుగ్గంటలూ మీదే.

అందుకే నేను పానా పట్టేముందు హ్యాండిల్ గ్రిప్ మీద తెల్ల టేపు ముక్క అంటిస్తా. పెన్నుతో గీతలు గీస్తా: సున్నా, పావు, అర, ముప్పావు, ఫుల్. ఏ గీత కాడ బండి ముక్కుతుందో నడిపి చూసి రమ్మంటా. సగం కాడ ముక్కితే మిమ్మల్ని పీకి ఏం లాభం? నీడిల్ తీసి దాని తలకాడ గాళ్లలో ఉండే క్లిప్పు ఒక గాడి కిందికి జరిపితే నీడిల్ పైకి లేస్తుంది, పెట్రోలు ఎక్కువ పడుతుంది. ఈ తిరకాసు చెప్పి ఒప్పించేసరికి నా గొంతు ఆరిపోతుంది.

ఇంకో రహస్యం. జెట్ మార్చినాక వచ్చే రోగాలు చాలామటుకు జెట్‌వి కావు, విప్పి బిగించినోడివి. కార్బురేటర్‌ని ఇంజనుకి కలిపే మ్యానిఫోల్డ్ రబ్బరు పగిలితే దొంగగాలి లాగుతుంటుంది, యాక్సిలరేటర్ వదిలినా రేసింగ్ దిగదు. ఆ రబ్బరు చుట్టూ స్ప్రే కొడితే ఇంజను శబ్దం మారి దొంగ దొరికిపోతాడు. పెట్రోలు మట్టం చూసుకునే తేలుడు బిళ్ల, ఫ్లోట్, వంకరగా కూర్చుంటే పెట్రోలు పొంగి ఓవర్‌ఫ్లో. రెండిటికీ తిట్లు తినేది మీరే, పాపం. అయినా జాలిపడను, పొగడ్తలప్పుడు మీరెవరికీ వాటా పెట్టలేదు.

ఒక కుర్రోడు లేహ్ పోయొచ్చినోడి మాట పట్టుకుని చిన్న జెట్ వేయించాడు. 3,500 మీటర్ల ఎత్తున గాలి పలచన కాబట్టి అక్కడ పెట్రోలు తగ్గించాలి, సరే. మైపాడు బీచికి పోయే బండికి ఆ వైద్యం ఎందుకయ్యా? ఆర్‌ఎక్స్ లాంటి టూ స్ట్రోక్ ఇంజనులో పెట్రోలు చాలకపోతే వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. ఇటు పెద్ద జెట్ భక్తులేమో రోహిణీ కార్తె ఎండలో, గాలి అసలే పలచబడ్డప్పుడు, ఇంకా పెట్రోలు పొయ్యమంటారు.

మీకు జరిగే అన్యాయం కూడా ఒప్పుకుంటా. బెజ్జంలో నలకపడితే క్లచ్ కేబుల్ పోగు తెంపి గుచ్చేవాళ్లున్నారు. ఇత్తడి మెత్తన. గుచ్చగా గుచ్చగా నెత్తిన నంబరు అదే ఉంటుంది, లోపల బెజ్జం వేరే. క్లీనర్ కొట్టి గాలి పడితే పోయేదానికి ఎందుకంత కక్షో!

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చినాక కొత్త బండ్లు దాదాపు అన్నీ కార్బురేటర్ వదిలి ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారిపోయాయి. పాత బండ్ల పుణ్యాన సాగుతున్న కొలువు మీది, కాస్త అణకువ నేర్చుకోండి.

జవాబు రాయదలిస్తే కాగితం వద్దు, ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్ మీద రాయండి. ఖాళీ రోడ్డు మీద ఫుల్లుగా లాగించి, క్లచ్ పట్టి ఇంజను అక్కడికక్కడే ఆపి, ప్లగ్ విప్పి చదువుకుంటా. నల్లటి మసి ఉంటే మీరు ఎక్కువయ్యారని, తెల్లగా పాలిపోయి ఉంటే తక్కువయ్యారని అనుకుంటా. టీ రంగులో ఉంటే మీ జోలికే రాను, తర్వాతి ఉత్తరం స్లో జెట్ గారికి రాసుకుంటా.