సవరణ: స్టొయ్‌కోవిచ్ 1991లో ఏ జట్టు ఆటగాడు?

సెర్బియా ఫుట్‌బాలర్, కోచ్ డ్రాగన్ స్టొయ్‌కోవిచ్ గురించి ముందు రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి.

1991 యూరోపియన్ కప్ (నేటి చాంపియన్స్ లీగ్) ఆయన బెల్‌గ్రేడ్ క్లబ్బు రెడ్ స్టార్ తరఫున గెలిచారన్నాం. కాదు. 1990లోనే ఆయన ఫ్రెంచ్ క్లబ్బు మార్సేకి వెళ్లిపోయారు. బారీలో జరిగిన ఆ ఫైనల్లో రెడ్ స్టార్‌కు ఎదురుగా ఉన్నది మార్సేయే. అదనపు సమయం చివర్లో సబ్‌స్టిట్యూట్‌గా దిగారు. షూటవుట్లో పాత క్లబ్బుపై పెనాల్టీ కొట్టనని పక్కకు తప్పుకున్నారు. రెడ్ స్టార్ 5-3తో గెలిచింది. పొరపాటుకు కారణం, 1986 నుంచి 1990 వరకు ఆయన అక్కడి ఆటగాడే కావడం.

రెండోది జపాన్ క్లబ్బు నగోయా గ్రాంపస్ గురించి. అక్కడ లీగ్ టైటిల్ ఆటగాడిగా గెలిచారన్నాం. అదీ కాదు. ఆటగాడిగా (1994-2001) ఆయనకు అక్కడ దక్కినవి 1995, 1999 ఎంపరర్స్ కప్‌లు (జపాన్ నాకౌట్ టోర్నీ), 1995లో లీగ్ ఉత్తమ ఆటగాడి అవార్డు. లీగ్ టైటిల్ మాత్రం 2010లో, కోచ్‌గా. క్లబ్బుకు అదే తొలి లీగ్ టైటిల్ కూడా. 2009లో యొకోహామా మ్యాచ్‌లో టచ్‌లైన్ (మైదానం పక్క గీత) దగ్గర నుంచి మామూలు బూట్లతోనే బంతిని నేరుగా గోల్లోకి కొట్టిందీ కోచ్‌గానే. అది లెక్కలోకి రాలేదు సరికదా, రిఫరీ బయటికి పంపేశాడు!

సెర్బియా కోచ్‌గా రాసిన వివరాలు సరైనవే: 2021 నవంబర్ 14న లిస్బన్‌లో పోర్చుగల్‌పై 2-1 గెలుపుతో 2022 ప్రపంచ కప్ బెర్తు.